ఎడమ పైపు

ఆ సోమవారం మధ్యాహ్నం ఇంట్లో నలుగురున్నారు. వంటింట్లో సక్కుబాయి అవ్వ. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో, పై పోర్షన్‌లో అద్దెకుండే ఛాయాదేవి టీచర్. టీవీ ముందు పదేళ్ల దీప. గుమ్మం పక్కన నీలవేణి. ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆమె నిలబడే ఉంది. ముందురోజే జనగామ బస్సులో వచ్చి ఉప్పల్‌లో దిగింది. ఇంటర్ అయిపోయింది, డిగ్రీ సీటు ఇంకా రాలేదు. ఖాళీగానే ఉన్నావు కదా, చిన్నమ్మ దగ్గర పదిహేను రోజులుండి రమ్మని అమ్మ పంపించింది.

ఆటో ఆగిన చప్పుడైంది. అందరూ వాకిట్లోకి వచ్చారు.

బాబాయి ధర్మేందర్ ముందు దిగి భార్యకు చెయ్యి అందించాడు. చిన్నమ్మ త్రివేణి వద్దన్నట్టు తల ఊపింది. మోచేతులు రెండూ పక్కలకు ఆనించుకుని, చేతులతో దేన్నీ పట్టుకోకుండా, కాళ్ల బలం మీదే లేచి దిగింది. ముందు బొత్తాలున్న వదులు నైటీ, దాని మీద చున్నీ. చున్నీ కింద నడుము దగ్గర రెండు వైపులా ఏదో ఉబ్బెత్తుగా ఉంది.

"మమ్మీ!" అని దీప ఉరికింది. సక్కుబాయి దాని జబ్బ పట్టి ఆపింది.

"ఆగే! మీద పడకు. కుట్లున్నయ్ అమ్మకు."

"నడక బాగానే ఉందండీ," అంది ఛాయాదేవి. "గడ్డ తీశారన్నారు, మూడో రోజుకే పంపించేశారా? మా తోడికోడలికి రాజమండ్రిలో చేస్తే వారం ఉంచారు. రిపోర్టు ఎప్పుడొస్తుందట?"

త్రివేణి గడప దగ్గర ఆగి అత్తవైపు చూసింది. "గడ్డ ఎవ్వరికి?"

"లోపటికి నడువ్ ముందుగాల," అంది సక్కుబాయి. "ఎండల నిలవడి ముచ్చట్లా?"

గడ్డ కాదని నీలవేణికి తెలుసు. అమ్మ జనగామ బస్టాండులో చెవిలో చెప్పింది. "ఛాతి బరువు తగ్గించే ఆపరేషన్. మీ చిన్నమ్మకు మెడ, భుజాలు పదేండ్ల సంది నొస్తున్నయ్. ఎవరన్న అడిగితే నాకేం ఎరుకలేదను." అది నీలవేణికి సులువైన పనే. బడిలో కూడా తెలిసిన జవాబుకు చెయ్యెత్తేది కాదు.

పడకగదిలో గోడకు నాలుగు దిండ్లు ఒరగబెట్టి ఉన్నాయి. వెల్లకిల సాపుగా పడుకోకూడదట, పక్కకు తిరగకూడదట. త్రివేణి వాటికి ఆనుకుని కూర్చుని, కళ్లు మూసుకుని, కాసేపటికి తెరిచింది.

"నీలా, నువ్వు రా. తలుపు దగ్గరికెయ్."

చున్నీ తీసింది. నైటీ లోపలి నుంచి రెండు సన్నటి పైపులు బయటికి వచ్చి ఉన్నాయి. ఒక్కొక్కదాని చివర నారింజకాయంత మెత్తటి ప్లాస్టిక్ బుడ్డి, నడుముకు కట్టిన గుడ్డ బెల్టుకు పిన్నీసుతో తగిలించి ఉంది. బుడ్డిల్లో పల్చబడిన నెత్తురు, దానిమ్మరసం రంగులో ఉంది.

"భయమైతాంది?"

"లేదు చిన్నమ్మా."

నిజంగానే భయం కాలేదు. ఇంకేమీ కూడా కాలేదు. గోడ మీద క్యాలెండర్ చూసినట్టే వాటిని చూసింది.

"నర్సు మీ బాబాయికి నేర్పిస్తానన్నది. ఆయన ఒక్కపారి సూసి, బయటికివోయి బెంచీ మీద తలకాయ కిందికేసి కూసున్నడు. నాకు గూడ చేతనైతలేదు బిడ్డా. దినమంత మాత్రల పట్టీలు సూసే కండ్లు, నా నెత్తురును మాత్రం సూడలేకపోతున్న. నువ్వు సూసి నాకు చెప్పు. నువ్వెంత అంటె అంత."

ఎట్లా చెయ్యాలో చెప్పింది. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. పైపును పైన ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేతి వేళ్లతో పైనుంచి కిందికి ఒత్తుతూ రావాలి, లోపల గడ్డకట్టింది దిగుతుంది. బుడ్డి మూత తీసి, దవాఖానలో ఇచ్చిన గీతల కప్పులో వంపాలి. కప్పును కంటి ఎత్తుకు తెచ్చి చూడాలి, పైనుంచి వంగి చూస్తే తప్పు పడుతుంది. బుడ్డిని పిడికిట్లో అప్పడంలా నొక్కి, నొక్కి ఉండగానే మూత పెట్టాలి. అప్పుడే అది లోపలి నీరును లాగుతుంది. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి. కుడి వేరు, ఎడమ వేరు.

"రోజు మొత్తానికి ఒక్కోదాంట్ల ముప్పై ఎమ్మెల్ కన్న తక్కువస్తె పైపులు తీస్తరు. అప్పటిదాంక ఉండాలె."

తలగడ కింద నుంచి నోటుబుక్కు తీసింది. పొడుగు గీతలు ముందే గీసి ఉన్నాయి.

"ఒక ముచ్చట ఇను. మా కంపెనీల, ఏ గంటకు సూసింది ఆ గంటకే రాయాలె. తప్పు పడ్డదనుకో, దాని మీదనే దిద్దొద్దు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైంది రాసి సంతకం పెట్టాలె. ఎవ్వరేమనరు. కని సూసింది ఒకటి, రాసింది ఒకటి అయితె మాత్రం పెన్ను గుంజుకొని ఇంటికి పంపుతరు."

త్రివేణి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేస్తుంది. బెల్టు మీద కదిలిపోయే మాత్రల పట్టీల్లో ఒక్క గూడు ఖాళీగా ఉన్నా చూసి పక్కకు తీయడం ఆమె పని. ఆ చెకింగ్ టేబుల్‌కు నాలుగేళ్ల కింద వచ్చింది. అంతకుముందు అట్టపెట్టెలు మోసే పని.

"నెల లీవు ఇచ్చిన్రు. ఆగస్టు నాలుగుకు పోయి కూసోవాలె. పోకపోతె ఆ కుర్చీ ఇంకొగలకిచ్చి నన్ను మల్ల అట్టపెట్టెలకేస్తరు. మెల్లగ కోలుకుంట అంటె కుదరదు. నువ్వు సక్కగ చూడాలె."

"ఊఁ," అంది నీలవేణి.

ఆ సాయంత్రం మొదటిసారి తీసింది. కుడి ముప్పై ఎనిమిది, ఎడమ యాభై. చెప్పింది, రాసింది, పక్కన "నీ" అని పెట్టింది. తరవాత మెట్ల మీద కూర్చుని తన సొంత డైరీలో కూడా రాసుకుంది. ఎనిమిదో తరగతి నుంచి రాస్తున్న డైరీ అది. పెద్ద సంగతులేమీ ఉండవు. "ఎడమ 50, కుడి 38. దీప పెరుగు వద్దన్నది. నల్లా నీళ్లు ఐదింటికే వచ్చినయ్."

*

మంగళవారం తల దువ్వింది. త్రివేణి చేతులు భుజాల పైకి ఎత్తకూడదు. అల్మారా పైఅర అందుకోకూడదు, తలుపు పైగొళ్లెం పెట్టకూడదు, నీళ్ల బిందె సంగతి సరేసరి. స్నానాల గది తలుపుకు పైన గొళ్లెం ఒక్కటే ఆమెకు అలవాటు. కింద ఇంకో గడియ ఉందిగానీ, తుప్పు పట్టి ఎవరూ వాడరు. అందుకని తలుపు ఊరికే దగ్గరికేసి నీలవేణి లోపలే నిలబడేది.

తడి బట్టతో వీపు, మెడ తుడిచింది. భుజాల మీద రెండు గాడులున్నాయి, వేలు పెడితే వేలు దిగేటంత. చర్మం అక్కడ నల్లబడి నున్నగా ఉంది.

"అవి పోవట, పుట్టుకతోనే వచ్చినట్టు ఉండిపోతయట," అంది త్రివేణి. "బాడీ పట్టీలు కోసుకుపోయి కోసుకుపోయి అయినయ్. చేతులు తిమ్మిరెక్కేటియి. ఎండకాలం కింద చర్మం పాసిపోయేది, పౌడరేసుకొని బస్సెక్కుతుంటి. ఎంత తీసిండ్రో ఎరుకనా? రెండు దిక్కుల కలిపి కిలోన్నర."

నీలవేణి తడి బట్ట పిండింది. "కిలోన్నర," అంది.

ముందు హుక్కులున్న బిగుతు బాడీ ఒకటి పగలూ రాత్రీ వేసుకోవాలి. దాన్ని విప్పి, గాజుగుడ్డ మార్చి, మళ్లీ వేయాలి. కుట్లు పైనుంచి కిందికి ఒక గీత, కింద మడత పొడుగునా ఒక గీత, లంగరు ఆకారంలో ఉన్నాయి. చుట్టూ పచ్చగా, ఊదాగా కమిలి ఉంది. ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ నిలబెట్టి పెన్నుతో గీసిన గీతలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. నీలవేణి, చిన్నమ్మ చెప్పిన చోట చెప్పినట్టు తుడిచింది. కూరగాయలు కడిగినంత నిదానంగా చేసింది.

"నేను ముట్టింది తెలుస్తుందా చిన్నమ్మా?"

"తెలుస్తలేదు. గోడను ముట్టినట్టున్నది. నాది అన్నట్టే లేదు." త్రివేణి కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "కొన్ని నెలలకు వస్తదట. కొందరికి రాదట. అది గూడ ముందుగాల చెప్పిండ్రు, నేను సంతకం పెట్టిన."

తరవాత అల్మారా అద్దం ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"నీలా, సూడు. నా కాలివేళ్లు కనవడుతున్నయ్."

బుధవారం ఛాయాదేవి గిన్నెతో చారు తెచ్చి మంచం పక్కన కూర్చుంది. "ధైర్యంగా ఉండమ్మా. ఈ రోజుల్లో గడ్డలకి మంచి మందులొచ్చాయి."

"నాకు గడ్డ లేదు టీచర్."

"అలాగే అనుకోవాలి. మనసు ముఖ్యం."

ఆమె వెళ్లాక త్రివేణి నవ్వబోయి, కుట్లు లాగి, మొహం చిట్లించింది. "అత్తమ్మా! ఊరంత గడ్డ అని చాటినవా?"

సక్కుబాయి గుమ్మంలో నిలబడింది. మామిడి ఒరుగులా ఎండిన మనిషి, మోకాళ్ల నొప్పి. "మరేమనాలె? దేవుడిచ్చింది బరువైందని కోయించుకున్నది నా కోడలు అనాలెనా? నేను మొయ్యలేదా? మా అమ్మ మొయ్యలేదా?"

"మోసిన్రు. వంగిపోయిన్రు గూడ."

"నీ నోటికి మాత్రం ఆపరేషన్ కాలేదు," అని సక్కుబాయి వంటింట్లోకి పోయింది. పథ్యమని మూడు రోజులుగా బీరకాయ, అన్నమే పెడుతోంది. కుట్లకు చీము పడుతుందని పప్పు, గుడ్డు, వంకాయ మూడూ బంద్. గుడ్లు తినాలని డాక్టరమ్మ చెప్పిందని ఎంత చెప్పినా వినలేదు. ధర్మేందర్ రోజూ డ్యూటీ నుంచి వస్తూ టిఫిన్ డబ్బాలో రెండు ఉడికిన గుడ్లు తెచ్చి, ఏమీ మాట్లాడకుండా దిండు పక్కన పెట్టి, మొహం కడుక్కోవడానికి పోయేవాడు. పెంకులు నీలవేణి కాగితంలో చుట్టి బయట పారేసేది.

*

ఆ బుధవారం సాయంత్రమే సక్కుబాయి నీలవేణిని వాకిట్లోకి పిలిచింది. చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఆదివారం బోనాలు. నాచారం పట్నంలో కలవక ముందు నుంచి ఆ ఇంటి బోనం పోతోంది. గోడ పక్కన కొత్త కుండ బోర్లించి ఉంది.

"కూసో. పైపులు ఎప్పుడు తీస్తరట?"

"రోజుకు ముప్పై కన్న తక్కువ రావాలె అవ్వా. ఎల్లుండి డాక్టర్ దగ్గరికి రమ్మన్నరు."

"ఇప్పుడెంత వస్తుంది?"

"కుడిది ఈ రోజు ముప్పై ఆరు. ఎడమది డెబ్బై."

సక్కుబాయి ఒక రాయిని తీసి వాకిట్లోకి విసిరింది. తలెత్తలేదు.

"పదిహేనేండ్లు అయింది ఆమె ఈ ఇంటికొచ్చి. ఒక్క ఏడు గూడ ఆమె చెయ్యి వడకుండ బోనం వోలేదు. ఈపారి నేనే ఎత్తుకుంట, ఆమెను ఎత్తుకొమ్మంటలేను. పసుపు రాసి, దీపం ముట్టిస్తె చాలు. కని నెత్తురు బుడ్డీలు ఏలాడేసుకొని బోనం కాడికి ఎట్ల రానిస్త? అమ్మవారికి మైల. రానియ్యకపోతె, ఇంటి కోడలు ఇంట్ల ఉండి ఎందుకు రాలేదని మల్లాపూర్ నుంచి నా బిడ్డ అడుగుతది, వాడకట్టంత అడుగుతది. ఆ గడ్డ ఎంత పెద్దదో అంటరు. సగం పానం పోయిందంటరు."

నీలవేణి కుండ వైపు చూసింది.

"నువ్వు రాసిందే గద డాక్టరమ్మ సూసేది?"

"ఊఁ."

"తక్కువ రాయి."

వీధిలో గ్యాస్ బండి పోయింది. అది మలుపు తిరిగేదాకా సక్కుబాయి రాళ్లు ఏరుతూనే ఉంది.

"మనం పీకుతలేం బిడ్డా. మనిషిని సూడకుంట తీస్తదా ఆమె? బాగలేకపోతె ఆమెనే ఉంచుతది. ఐదు దినాలైంది, ఇయ్యాల కాకపోతె రేపు తీసేటియే. పాపం అది గూడ ఆ పైపులతోని పండలేక సస్తుంది. నీ అయ్య సొమ్ము ఏం పోతది?" అప్పుడు తలెత్తింది. "మీ చిన్నమ్మకు చెప్పకు. దానికి అన్నీ పట్టింపే."

కుదరదు అవ్వా అనాలి. ఆ మాట నీలవేణికి తెలుసు, స్పష్టంగానే తెలుసు. కానీ పెద్దవాళ్లకు ఎదురుగా ఆ మాట ఎట్లా మొదలుపెట్టాలో ఎప్పుడూ చెయ్యలేదు.

"ఊఁ," అంది.

సక్కుబాయి చాట పక్కన పెట్టి, గుప్పెడు పుట్నాలు తెచ్చి ఆమె ఒళ్లో పోసింది.

గురువారం పొద్దున ఆరింటికి చేతులు కడుక్కుంది. పైపు ఒత్తింది, కప్పులో వంపింది, కంటి ఎత్తుకు తెచ్చింది. కుడి పదమూడు. ఎడమ ముప్పై.

త్రివేణి కళ్లు మూసుకుని ఉంది. "ఎంత?"

"కుడి పదమూడు. ఎడమ పద్నాలుగు."

గొంతు ఎప్పటిలాగే ఉంది. ఏదో తేడా వినిపిస్తుందనుకుంది, వినిపించలేదు. త్రివేణి కళ్లు తెరిచింది.

"పద్నాలుగా? నిన్న గంతున్నదాయె. మస్తు తగ్గింది గద!"

"ఊఁ."

పద్నాలుగు అని రాసి, పక్కన "నీ" పెట్టింది. కప్పులోది పారబోసి, కప్పు కడిగి, బోర్లించింది. సాయంత్రం ఎడమ ఇరవై ఎనిమిది వచ్చింది. పన్నెండు అని రాసింది. అప్పుడు ఒకసారి పెన్ను పొద్దుటి అంకె దాకా పోయింది. ఒక్క గీత కొట్టి, పక్కన ముప్పై అని రాసి, సంతకం పెడితే ఎవ్వరూ ఏమనరని చిన్నమ్మే చెప్పింది. కానీ ఎందుకు కొట్టావని అడుగుతుంది కదా. అడిగితే అవ్వ పేరు చెప్పాలి. పెన్ను మూత పెట్టేసింది.

మెట్ల మీద కూర్చుని డైరీ తీసింది. "గురువారం. ఎడమ పొద్దున 30, సాయంత్రం 28. మొత్తం 58. బుక్కులో 26 అని రాసిన." అది రాసాక ఇంకేమైనా రాయాలా అని చూసింది. "పుట్నాలు అయిపోయినయ్," అని రాసి మూసేసింది.

శుక్రవారం పొద్దున ఎడమ ఇరవై ఏడు. పదకొండు అని రాసింది. మూడోసారికి ఆలోచించవలసింది కూడా ఏమీ లేకపోయింది.

దవాఖాన ఉప్పల్ మెట్రో స్టేషన్ అవతల ఉంది. డాక్టరమ్మ కుట్లు చూసింది, బుక్కు చూసింది. పేజీలు వెనక్కి తిప్పి మళ్లీ చూసింది.

"ఎంత నీట్‌గా రాశావు! ఎవరు నేర్పారు?"

"నేనే డాక్టర్," అంది త్రివేణి. "మా కంపెనీ పద్ధతి. పిల్ల మంచిగ పట్టుకున్నది."

"అయితే రెండూ తీసేద్దాం. గట్టిగా ఊపిరి పీల్చి వదలండి."

త్రివేణి నీలవేణి చెయ్యి పట్టుకుంది. పైపు బయటికి వస్తున్నప్పుడు ఆ పట్టు బిగిసి, తరవాత మెల్లగా వదులైంది. అప్పటికీ నీలవేణికి ఏమీ అనిపించలేదు. చేతి మీద నాలుగు గోళ్ల గుర్తులు పడ్డాయి. వాటిని చూసుకుంది.

ఆటోలో త్రివేణి బయటికి చూస్తూ కూర్చుంది. నాచారం చౌరస్తా దగ్గర సిగ్నల్ పడితే ఇటు తిరిగింది.

"నువ్వు లేకపోతె నేనేమైపోదునో. మీ అమ్మకు ఫోన్ చేసి చెప్పిన, నీ బిడ్డ నర్సు కోర్సు చేస్తె మంచిగుంటదని. చేస్తవా?"

"ఏమో."

"మాట్లాడవేందే! నోట్ల ముత్యాలున్నయా?" అని నవ్వింది. ఈసారి మొహం చిట్లించలేదు.

*

ఆదివారం పొద్దున త్రివేణి పసుపు చీర కట్టుకుంది. నీలవేణే కుచ్చిళ్లు పోసి పెట్టింది. కొత్త కుండకు సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, పైన ప్రమిదలో దీపం ముట్టించింది. చెయ్యి ఎత్తకుండా కుండను ముక్కాలిపీట మీద పెట్టించుకుని చేసింది. సక్కుబాయి మోకాళ్లు పట్టుకుని లేచి, కుండ నెత్తికెత్తుకుని, "నడువుండ్రి," అంది. డప్పులు సందు మొదట్లోనే ఉన్నాయి.

సక్కుబాయి కూతురు మల్లాపూర్ నుంచి వచ్చింది. చుట్టుపక్కల ఆడవాళ్లు ఐదారుగురు చేరారు.

"వదినా, గడ్డ మంచిగైందా? రిపోర్టు వచ్చిందా?" అని అడిగింది ఆడబిడ్డ. అందరూ త్రివేణి మొహంలోకి చూశారు.

"గడ్డ కాదు," అంది త్రివేణి. "ఛాతి బరువు. మొయ్యలేక తీసేపిచ్చుకున్న. అంతే."

నెత్తి మీద కుండతో సక్కుబాయి వెనక్కి తిరగలేకపోయింది. కొంతసేపటికి ఆడబిడ్డ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "నొప్పయితదా?" అని అడిగింది. అడుగుతూ తన భుజం తనే రుద్దుకుంది.

"రెండు దినాలు. తర్వాత జర గుంజినట్టుంటది. కని వదినా, నిల్సుంటె ఇట్ల నిల్సోవచ్చు." త్రివేణి నిటారుగా నిలబడి చూపించింది.

నీలవేణి ఆమె చీర కొంగునే చూస్తోంది. గుడి దాకా నాలుగుసార్లు త్రివేణి కుడి చెయ్యి ఎడమ పక్కటెముకల మీదికి పోయింది. పోయిన ప్రతిసారీ అక్కడ కొంచెంసేపు ఆగింది.

సోమవారం పొద్దున బాడీ ఎడమవైపు హుక్కు పడలేదు. నీలవేణి రెండుసార్లు లాగి చూసింది. ఎడమవైపు బిగిసి, నున్నగా మెరుస్తోంది. వేలు పెడితే లోపల నీళ్లు కదిలినట్టుంది. ఒళ్లు వెచ్చగా ఉంది.

"ఏందే గిది?" అంది త్రివేణి.

నీలవేణి హుక్కు వదిలేసి చున్నీ అందించింది.

ధర్మేందర్ డ్యూటీకి పోయాడు. సక్కుబాయే వెంట వచ్చింది. డాక్టరమ్మ లావుపాటి సిరంజితో నీరు తీసింది. ఒకసారి నిండింది. గిన్నెలో వంపి రెండోసారి, మూడోసారి. త్రివేణి పైకప్పు చూస్తోంది. సూది గుచ్చిన చోట స్పర్శ లేదు కాబట్టి ఆమెకు నొప్పి కూడా తెలియడం లేదు.

"నూట నలభై," అంది డాక్టరమ్మ. "కింద కుట్లు కలిసే చోట కొంచెం విచ్చుకుంది కూడా. ఇంత నీరు ఎట్లా చేరింది? రోజుకు ఇరవై ఆరే వచ్చిందని కదా పైపు తీశాను." బుక్కు అందుకుని ఆ పేజీ చూసింది. "కొందరికి ఎంత జాగ్రత్తగా ఉన్నా చేరుతుంది. కానీ ఇది... ఎవరు చూశారు ఇది?"

సక్కుబాయి కొంగు సర్దుకుంది. "చిన్న పోరి గద అమ్మా. సక్కగ సూడరాలేదేమో."

నీలవేణి నోరు తెరిచింది. తిరిగి మూసుకుంది.

"లేదు డాక్టర్," అంది త్రివేణి, ఇంకా పైకప్పు చూస్తూనే. "పిల్లదేం లేదు. నేనే సూసి చెప్పిన, ఆమె రాసింది. తప్పు నాదే."

డాక్టరమ్మ బుక్కు మూసింది. మూడు రోజులకొకసారి వచ్చి నీరు తీయించుకోవాలి. ఇన్ఫెక్షన్ రాకుండా మాత్రలు. గాయం పూర్తిగా మూసుకునేదాకా పనికి పోకూడదు. ఇంకో నెల పట్టవచ్చు, కాగితం రాసిస్తానంది.

"ఆగస్టు నాలుగు?" అని అడిగింది త్రివేణి.

"కుదరదమ్మా."

త్రివేణి తల ఊపింది. నైటీ బొత్తాలు కిందినుంచి పైకి ఒక్కొక్కటే పెట్టుకుంది.

*

ఇంటికి వచ్చాక సక్కుబాయి చెప్పులు విడిచి నేరుగా లోపలికి పోయింది. వంటింట్లో చాలాసేపు గిన్నెల చప్పుడైంది. తరవాత పళ్లెంలో రెండు ఉడికిన గుడ్లు, పక్కన ఉప్పు పెట్టి తెచ్చి, మంచం పక్క స్టూలు మీద పెట్టి, వెంటనే తిరిగిపోయింది. త్రివేణి వాటిని చూసింది. ముట్టుకోలేదు.

ఫోన్ తీసి సూపర్‌వైజర్‌కు చేసింది. "సార్, త్రివేణి... అవును సార్... ఇంకో నెల... తెలుసు సార్. అట్టపెట్టెలల్లనా? సరే సార్." ఫోన్ దుప్పటి మీద బోర్లించింది.

నీలవేణి తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో డైరీ. దవాఖాన నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే అనుకుంటోంది. నోటితో చెప్పలేకపోతే చూపించొచ్చు కదా. ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఏ గంటకు చూసింది ఆ గంటకే రాసింది. ఇది చూస్తే చిన్నమ్మకు అర్థమవుతుంది.

వెళ్లి గురువారం పేజీ తెరిచి ఒళ్లో పెట్టింది.

త్రివేణి చదివింది. పేజీ తిప్పింది, శుక్రవారం చదివింది. మళ్లీ వెనక్కి తిప్పి బుధవారం చదివింది. అక్కడ అవ్వ అన్న మాటలు అన్నట్టే ఉన్నాయి, బియ్యం రాళ్లతో సహా. పట్టీల్లో ఖాళీ గూడు వెతికినట్టు వేలు ఒక్కో వరుస మీద పెట్టి చదివింది. కోప్పడలేదు, ఏడవలేదు. చదివి డైరీ మూసి, నీలవేణి చేతికే ఇచ్చేసింది.

"అవ్వ చెప్పింది చిన్నమ్మా..." నీలవేణి మొదలుపెట్టింది. "నేను ఇందుల మాత్రం నిజమే రాసిన."

"సూసిన," అంది త్రివేణి.

ఆరయింది. నీలవేణి అలవాటుగా పెరట్లోకి పోయి మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుంది. గాజుగుడ్డ, దూది, టేపు పట్టుకుని వచ్చేసరికి త్రివేణి స్నానాల గది గుమ్మంలో నిలబడి ఉంది. మోచేతులు పక్కలకు ఆనించుకుని, నిటారుగా నిలబడింది. నీలవేణి గుమ్మం వైపు ఒక అడుగు వేసింది. త్రివేణి చెయ్యి చాపి ఆమె చేతుల్లోంచి గాజుగుడ్డ తీసుకుంది. తరవాత దూది, తరవాత టేపు.

"నీ బుక్కుకు నిజం చెప్పినవ్ నీలా," అంది. "నాకు చెప్పలే."

"చిన్నమ్మా, నువ్వు సూడలేవు గద..."

"సూసుకుంట."

లోపలికి పోయి తలుపు దగ్గరికేసింది. నీలవేణి తడి చేతులు ముందుకు చాపినవి చాపినట్టే ఉన్నాయి. పై గొళ్లెం అందదు కాబట్టి తలుపు ఊరికే దగ్గరికేసి ఉంటుందనుకుంది. లోపల త్రివేణి మెల్లగా మోకాళ్లు వంచి కూర్చున్న చప్పుడైంది. ఎన్నేళ్లుగానో ఎవరూ వాడని కింది గడియ తుప్పు గీసుకుంటూ, ఆగి ఆగి, చివరిదాకా పోయి పడింది.